ఓపియాయిడ్ పరిహార ధనం: ఎవరి చేతికి, ఎవరి చికిత్సకు?



ఈ పుటలలో ఇంతవరకు వ్యాధులను గురించి, మందులను గురించి, ఆహార నియమాలను గురించి రాస్తూ వచ్చాను. ఈసారి ఒక సొమ్మును గురించి రాస్తున్నాను. వైద్యుడికి సొమ్ము లెక్కలతో ఏమి పని అని మీరు అడగవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రులలో పనిచేసినవాడిగా నాకు అర్థమైన విషయం ఒకటుంది. రోగి బతుకు కొన్నిసార్లు మందుల గదిలో కాక, నిధులు పంచే బల్ల దగ్గర నిర్ణయమవుతుంది.

అమెరికాలో ఓపియాయిడ్ మందులను తయారుచేసిన కంపెనీలు, వాటిని పంపిణీ చేసిన సంస్థలు, అమ్మిన దుకాణాలు కలిసి అక్కడి రాష్ట్రాలకు, కౌంటీలకు, పట్టణాలకు చెల్లించడానికి ఒప్పుకున్న మొత్తం 5,000 కోట్ల డాలర్లు దాటింది. కౌంటీ అంటే మన జిల్లా వంటి పాలనా విభాగమనుకోండి. దానికి ఎన్నికైన బోర్డు, సొంత బడ్జెట్టు, సొంత జైలు, చాలాచోట్ల సొంత ఆరోగ్యశాఖ ఉంటాయి. ఈ సొమ్ము దాదాపు పద్ధెనిమిదేళ్లపాటు వాయిదాలుగా వస్తుంది. లక్షలమంది మరణించిన తరువాత, వారి పేరు మీద వచ్చిన ధనమిది. దీనిని ఎలా పంచుకోవాలి, దేనిపై ఖర్చు చేయాలి అన్న ప్రశ్న వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను మొదటినుండి చెప్పుకుంటే తప్ప ఆ పంపకంలోని మర్మం బోధపడదు.

ఐదు వాక్యాల ఉత్తరం

గసగసాల కాయనుండి స్రవించే పాలు గడ్డకడితే నల్లమందు. దానిలో మార్ఫిన్, కోడీన్ సహజంగా ఉంటాయి. నల్లమందులోని రసాయనాలను కొంత మార్చి హెరాయిన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ తయారుచేస్తారు. ఫెంటనిల్ వంటివి పూర్తిగా ప్రయోగశాలలో పుట్టినవి. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటాము. ఇవి మెదడులో ఒకే రకమైన గ్రాహకాల మీద పనిచేసి నొప్పిని అణచివేస్తాయి. మోతాదు మించితే శ్వాసను కూడా అణచివేస్తాయి. కొంతకాలం వాడిన శరీరం వాటికి అలవాటుపడుతుంది. ఆపితే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, నిద్రలేమి, చెప్పలేని ఆందోళన పట్టుకుంటాయి. ఆ బాధను తట్టుకోలేకనే మనిషి మళ్లీ మందు వెతుక్కుంటాడు. వ్యసనం మనోదౌర్బల్యం మాత్రమే అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1980లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే ప్రసిద్ధ వైద్యపత్రికలో ఇద్దరు పరిశోధకులు, పోర్టర్, జిక్, ఒక చిన్న ఉత్తరం ప్రచురించారు. అందులో ఉన్నవి ఐదే వాక్యాలు. ఆసుపత్రిలో చేరి ఓపియాయిడ్ మందు పుచ్చుకున్న 11,882 మంది రికార్డులను చూస్తే, స్పష్టంగా వ్యసనానికి లోనైనవారు నలుగురే కనిపించారని దాని సారాంశం. వారు ఆసుపత్రి మంచం మీద, నర్సుల కనుసన్నలలో, కొద్దిరోజులు మందు వాడినవారు. ఇంటికి వెళ్లి నెలల తరబడి మాత్రలు మింగేవారిని గురించి ఆ ఉత్తరం ఏమీ చెప్పలేదు. అయినా తరువాతి కాలంలో దానినే శాస్త్రీయ నిరూపణగా చూపసాగారు. 2017లో అదే పత్రికలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, 608 రచనలు ఆ ఉత్తరాన్ని ఉదహరించాయని, వాటిలో నూటికి 80 అది ఆసుపత్రి రోగులకు సంబంధించినదన్న మాటనే విడిచిపెట్టాయని తేలింది.

ఆ అజాగ్రత్త మీద వ్యాపారం లేచింది. 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్రను విపణిలోకి తెచ్చింది. మందు నెమ్మదిగా విడుదలవుతుంది గనుక దుర్వినియోగానికి అవకాశం తక్కువని నమ్ముతున్నట్లు దాని లేబులు మీదనే రాశారు. వెన్నునొప్పికి, కీళ్లనొప్పికి కూడా దీర్ఘకాలం రాయవచ్చని వైద్యులకు నచ్చజెప్పారు. 2007లో పర్డ్యూకు చెందిన సంస్థ, ఆ మందును గురించి తప్పుడు ప్రచారం చేసినట్లు న్యాయస్థానంలో నేరం ఒప్పుకొని, సుమారు 60 కోట్ల డాలర్లు చెల్లించింది. అమ్మకాలు మాత్రం ఆగలేదు.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో కెర్మిట్ అనే ఊరుంది. జనాభా సుమారు నాలుగు వందలు. అక్కడి ఒకే ఒక మందుల దుకాణానికి రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ మాత్రలు చేరాయి. ఆ రాష్ట్రం మొత్తానికి ఆరేళ్లలో 78 కోట్ల మాత్రలు పంపారని, అదే కాలంలో ఆ రెండు మందుల అతిమోతాదు వలన 1,728 మంది చనిపోయారని చార్లెస్టన్ గజెట్-మెయిల్ పత్రిక విలేఖరి ఎరిక్ ఐర్ బయటపెట్టాడు. ఆ పరిశోధనకు 2017లో ఆయనకు పులిట్జర్ పురస్కారం లభించింది.

మాత్రల మీద కట్టుదిట్టాలు పెరిగేసరికి, అప్పటికే అలవాటుపడినవారిలో కొందరు హెరాయిన్‌కు మళ్లారు. 2013 తరువాత దొంగ ఫెంటనిల్ ప్రవేశించింది. 1999 నుండి 2021 వరకు ఓపియాయిడ్ల అతిమోతాదు వలన అమెరికాలో మరణించినవారు దాదాపు 6,45,000 మంది.

ఇక్కడ నా సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. నేను జిల్లా ఆసుపత్రిలో ఉన్న రోజులలో ఒక కంపెనీ ప్రతినిధి ట్రమడాల్ మాత్రల నమూనాలు నా బల్లమీద పెట్టి, ఇది మార్ఫిన్ వంటిది కాదు సార్, అలవాటు కాదు అని చెప్పాడు. నేను నమ్మాను. నడుము నొప్పితో వచ్చిన ఒక లారీ డ్రైవరుకు రాశాను. అతడు పది రోజులకు వచ్చాడు, మళ్లీ వారానికి వచ్చాడు, తరువాత మూడు రోజులకే వచ్చాడు. నొప్పి తగ్గిందా అని అడిగితే, నొప్పి సంగతి సరే డాక్టరు గారూ, మాత్ర లేకపోతే చేతులు వణుకుతున్నాయి అన్నాడు. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి మన కేంద్రప్రభుత్వం తెచ్చింది 2018 ఏప్రిల్‌లో. కంపెనీల మోసం గురించి చదివినప్పుడల్లా, ఆ చీటీ రాసిన కలం నా వంటి వైద్యుడిదే కదా అన్న మాట నన్ను పొడుస్తూనే ఉంటుంది.

పొగాకు సొమ్ము నేర్పిన పాఠం

ఓపియాయిడ్ సొమ్ముకు అన్నవంటిది ఒకటుంది. అది పొగాకు సొమ్ము. 1994లో మిసిసిపీ రాష్ట్ర అటార్నీ జనరల్ మైక్ మూర్, సిగరెట్ల వలన రోగులైన పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చును తిరిగి చెల్లించమని పొగాకు కంపెనీల మీద దావా వేశాడు. ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. నాలుగు రాష్ట్రాలు విడిగా రాజీపడగా, 1998 నవంబరులో మిగిలిన 46 రాష్ట్రాలకు, పెద్ద పొగాకు కంపెనీలకు మధ్య మహా ఒప్పందం కుదిరింది. మొదటి 25 ఏళ్లలో చెల్లించవలసినది సుమారు 20,600 కోట్ల డాలర్లు.

అయితే ఆ ఒప్పందంలో ఒక లోపం ఉండిపోయింది. వచ్చిన సొమ్మును పొగాకు మాన్పించడానికే వాడాలన్న నిబంధన లేదు. ఫలితం ఊహించడం కష్టం కాదు. రాష్ట్రాలు దానిని సాధారణ బడ్జెట్టులో కలుపుకొని లోట్లు పూడ్చుకున్నాయి. రోడ్లు వేశారు. కొన్ని రాష్ట్రాలు ముందు ముందు రాబోయే వాయిదాలను తాకట్టు పెట్టి, బాండ్లు అమ్మి, ఒక్కసారే సొమ్ము చేసుకున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కౌంటీ తన వాటాలో కొంతతో గోల్ఫ్ మైదానానికి నీళ్లు చల్లే యంత్రాలు అమర్చుకున్న వైనం ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకుంటారు. ఇటీవలి సంవత్సరాలలో పొగాకు ఒప్పందం వలన, పొగాకు పన్నుల వలన రాష్ట్రాలకు వచ్చే ఆదాయంలో పొగాకు నివారణకు వెచ్చిస్తున్నది నూటికి మూడు వంతులు కూడా లేదు.

రెండో లోపం కూడా ఉంది. ఆ సొమ్ములో అధికభాగం రాష్ట్ర రాజధానులకు వెళ్లింది. చాలా రాష్ట్రాలలో పట్టణాలకు, కౌంటీలకు చేతికందింది స్వల్పం. ఈ అనుభవం స్థానిక ప్రభుత్వాల మనసులో నాటుకుపోయింది. ఓపియాయిడ్ల వంతు వచ్చినప్పుడు అవి రాష్ట్రాల కోసం ఎదురుచూడలేదు. అర్ధరాత్రి అంబులెన్సు పంపేది మేము, శవాగారం నడిపేది మేము, తల్లిదండ్రులు పోయిన పిల్లలకు ఆశ్రయం చూపేది మేము అంటూ నేరుగా న్యాయస్థానం మెట్లెక్కాయి.

క్లీవ్‌లాండ్ నుండి వచ్చిన రాజీ

2017 డిసెంబరులో దేశమంతటి ఫెడరల్ దావాలను ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ నగరంలోని న్యాయమూర్తి డాన్ పోల్‌స్టర్ ముందుకు చేర్చారు. కాలక్రమాన అక్కడ మూడు వేలకు పైగా దావాలు పోగుపడ్డాయి. అన్నిటినీ విడివిడిగా విచారిస్తే తరాలు గడుస్తాయి. విచారణ జరిగితే గెలుపు ఖాయమన్న నమ్మకమూ లేదు. ఓక్లహోమాలో 2019లో జాన్సన్ అండ్ జాన్సన్ మీద వచ్చిన తీర్పును 2021లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేసింది. పశ్చిమ వర్జీనియాలో హంటింగ్టన్ నగరం, క్యాబెల్ కౌంటీ పంపిణీదారుల మీద వేసిన దావా 2022లో విచారణ న్యాయస్థానంలో వీగిపోయింది. అందుచేత రాజీయే మేలని ఉభయపక్షాలు తలచాయి.

2021 జులైలో ప్రకటించి 2022 ఫిబ్రవరిలో ఖాయం చేసిన ఒప్పందం ప్రకారం మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గన్ అనే మూడు పంపిణీ సంస్థలు 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ గరిష్ఠంగా 9 ఏళ్లలో 500 కోట్ల డాలర్ల వరకు చెల్లించాలి. తప్పు చేశామని ఆ కంపెనీలు ఒప్పుకోలేదు. 2022 చివరలో సి.వి.ఎస్., వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ దుకాణాల సంస్థలు, టేవా, అలెర్గాన్ అనే తయారీదారులు ముందుకు వచ్చాయి. పర్డ్యూ వ్యవహారం దివాలా కోర్టులో చిక్కుకుంది. యజమానులైన సాక్లర్ కుటుంబానికి ముందు ముందు ఏ దావా రాకుండా రక్షణ కల్పించే పథకాన్ని 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తోసిపుచ్చింది. 2025లో సుమారు 740 కోట్ల డాలర్లతో కొత్త ఒప్పందం రూపొందింది.

పొగాకు పాఠం ఈసారి వృథా కాలేదు. ప్రధాన ఒప్పందంలోనే, వచ్చిన సొమ్ములో కనీసం నూటికి 85 వంతులు ఓపియాయిడ్ విపత్తును ఉపశమింపజేసే పనులకే వాడాలని రాశారు. ఆ పనుల జాబితాను అనుబంధంగా జతపరిచారు. ఇంకొక మెలిక కూడా పెట్టారు. ఒక రాష్ట్రంలో ఎంత ఎక్కువమంది స్థానిక ప్రభుత్వాలు సంతకం చేసి తమ దావాలు వదులుకుంటే ఆ రాష్ట్రానికి అంత ఎక్కువ మొత్తం వస్తుంది. దానితో రాష్ట్రాలు తమ కౌంటీలను బతిమాలుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. పంపకపు బేరం అక్కడినుండే మొదలయింది.

పంపకాలు సాగిన తీరు

రాష్ట్రం తనకు తానుగా వేరే ఏర్పాటు చేసుకోకపోతే, ఒప్పందమే ఒక మూసను సూచించింది. నూటికి 15 వంతులు రాష్ట్రానికి, 15 స్థానిక ప్రభుత్వాలకు, మిగిలిన 70 ఉపశమన నిధికి. చాలా రాష్ట్రాలు దీనిని తమకు తగినట్లు మార్చుకున్నాయి.

ఉత్తర కెరొలైనా రాష్ట్రం తన వద్ద 15 వంతులే ఉంచుకొని 80 వంతులు స్థానిక ప్రభుత్వాలకు వదిలింది. మిగిలిన 5 వంతులు ఒప్పందంలో చేరినవారికి ప్రోత్సాహకం. టెక్సస్ దీనికి దాదాపు విరుద్ధం. అక్కడ 15 రాష్ట్రానికి, 15 స్థానిక ప్రభుత్వాలకు పోగా, 70 వంతులు రాష్ట్రస్థాయి మండలి చేతిలో ఉంటాయి. ఒహాయో 55 వంతులను వన్ ఒహాయో అనే కొత్త ఫౌండేషన్‌కు అప్పగించి, 30 స్థానిక ప్రభుత్వాలకు, 15 రాష్ట్రానికి ఇచ్చింది. పశ్చిమ వర్జీనియా 72.5 వంతులను ఒక ఫౌండేషన్‌కు, 24.5 వంతులను స్థానిక ప్రభుత్వాలకు కేటాయించింది.

ఒక కౌంటీకి ఎంత, పక్క కౌంటీకి ఎంత అన్నది మరింత సున్నితమైన ప్రశ్న. జనాభాను బట్టి పంచితే పెద్ద నగరాలే లాభపడతాయి, చిన్న కొండప్రాంతపు ఊళ్లలో కుటుంబానికొక చావు జరిగినా లెక్కలోకి రాదు. అందుకని క్లీవ్‌లాండ్ వ్యాజ్యంలో న్యాయవాదులు, నిపుణులు ఒక కొలమానం తయారుచేశారు. ఆ కౌంటీకి చేరిన ఓపియాయిడ్ల పరిమాణం, అక్కడ ఓపియాయిడ్ వ్యసనంతో బాధపడుతున్నవారి సంఖ్య, అక్కడి అతిమోతాదు మరణాల సంఖ్య, ఈ మూడింటికీ సమాన విలువ ఇచ్చి వాటా కట్టారు. వైద్యుడిగా నాకు ఈ సూత్రం నచ్చింది. ఎక్కడ మందు ఎక్కువగా పారిందో, ఎక్కడ రోగం ముదిరిందో, ఎక్కడ ప్రాణాలు పోయాయో అక్కడికే సొమ్ము వెళ్లాలని చెప్పే సూత్రమది.

ఏ పద్ధతి మంచిది? రెంటికీ గుణదోషాలున్నాయి. కౌంటీ చేతికిస్తే స్థానికుల బాధ తెలిసినవారు ఖర్చు చేస్తారు, కానీ ఏడాదికి కొద్ది వేల డాలర్లు మాత్రమే వచ్చే చిన్న పట్టణం దానితో ఒక చికిత్సాకేంద్రాన్ని నడపలేదు. ఫౌండేషన్ చేతికిస్తే పెద్ద పనులు సాధ్యం, కానీ జనానికి దూరమవుతుంది. ఒహాయోలో అదే జరిగింది. తమది ప్రైవేటు సంస్థ గనుక రికార్డులు చూపనక్కరలేదని అక్కడి ఫౌండేషన్ వాదించగా, 2023లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తిరస్కరించింది.

ఉత్తర కెరొలైనా చేసిన ఏర్పాటును కొంత వివరంగా చెప్పదగినది. కౌంటీ ఈ సొమ్మును ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఖర్చుకు ముందు బోర్డు తీర్మానం చేయాలి. పన్నెండు పనుల చిన్న జాబితానుండి ఎంచుకుంటే దారి సులువు. జాబితాకు మించి విస్తృతమైన పనులు చేయదలిస్తే, ముందుగా అందరినీ కలుపుకొని ప్రణాళిక రచించాలి. ఏటా బహిరంగ సమావేశం జరపాలి, ఏటా లెక్క చెప్పాలి. ఆ లెక్క ఎవరైనా చూడవచ్చు.

ఏది చికిత్స, ఏది అలంకారం

ఆ జాబితాలలో ఏముంటాయి? నలాక్సోన్ అనే మందు మొదటిది. ముక్కులోకి చిమ్మితే, మెదడు గ్రాహకాల మీదనుండి ఓపియాయిడ్‌ను తోసివేసి, ఆగిపోతున్న ఊపిరిని నిమిషాలలో తిరిగి తెస్తుంది. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ మందులతో దీర్ఘకాల చికిత్స రెండవది. ఒక మత్తు మాన్పించి మరొక మత్తు అలవాటు చేయడమే కదా అని కొందరు ఆక్షేపిస్తారు. చక్కెరవ్యాధికి ఏళ్ల తరబడి ఇన్సులిన్ ఇస్తే ఎవరూ ఆక్షేపించరు. ఈ మందులు క్రమంగా వాడేవారిలో మరణాలు సుమారు సగానికి తగ్గుతాయని అనేక పరిశీలనలు చెబుతున్నాయి. వీటి తరువాత గర్భిణులకు చికిత్స, నివాసం, ఉద్యోగసహాయం, యువతలో నివారణ, జైళ్లలో చికిత్స వస్తాయి.

జైలులో చికిత్స అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ఇక్కడ లెక్క చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో జైలునుండి విడుదలైనవారిని పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, బయటికి వచ్చిన మొదటి రెండు వారాలలో వారు మందుల అతిమోతాదుతో చనిపోయే ప్రమాదం సామాన్య ప్రజలకంటే 129 రెట్లు ఎక్కువని తేలింది. కారణం సులభం. జైలులో మందు దొరకక శరీరం సహనశక్తిని కోల్పోతుంది. బయటికి వచ్చినవాడు పాత మోతాదే తీసుకుంటాడు, ఊపిరి ఆగిపోతుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రం 2016లో తన జైళ్లలో మందులతో చికిత్స మొదలుపెట్టింది. ఇటీవలే విడుదలై అతిమోతాదుతో చనిపోయినవారు 2016 మొదటి ఆరునెలలలో 26 మంది. 2017 మొదటి ఆరునెలలలో 9 మంది.

ఇంత స్పష్టమైన మార్గం ఉండగా సొమ్ము పక్కదారి ఎందుకు పడుతుంది? దీనికి సమాధానం నాకు అమెరికా వెళ్లనక్కరలేకుండానే తెలుసు. నేను ఆసుపత్రి బాధ్యతలు చూస్తున్న కాలంలో అభివృద్ధి సంఘం ఖాతాలో కొంత డబ్బు పోగయింది. మందులు మధ్యలో మానేస్తున్న క్షయరోగులకు బస్సు ఛార్జీలు ఇద్దామని, వారి ఇళ్లకు వెళ్లి విచారించేందుకు ఒక మనిషిని పెట్టుకుందామని నేను ప్రతిపాదించాను. సభ్యులు మర్యాదగా విన్నారు. చివరికి ఆసుపత్రి ముఖద్వారానికి కమాను కట్టించారు. దాని మీద పాలరాతి ఫలకం, ఫలకం మీద పేర్లు. అందులో నా పేరూ ఉంది. ఆ సభ్యులు చెడ్డవారు కారు. కమాను కంటికి కనిపిస్తుంది. క్షయరోగి మందు మానకపోవడం ఎవరికీ కనిపించదు.

అదే మానవస్వభావం అక్కడా పనిచేసింది. టెన్నెసీ రాష్ట్రంలో గ్రీన్ కౌంటీ తన వాటాలో చాలాభాగాన్ని పాత అప్పులు తీర్చుకోవడానికి, నిర్మాణాది పనులకు మళ్లించింది. న్యూజెర్సీలో ఇర్వింగ్టన్ పట్టణం ఓపియాయిడ్ అవగాహన పేరుతో జరిపిన సంగీత కచేరీలకు ఆరు లక్షల డాలర్లకు పైగా ఖర్చు చేసిందని ఆ రాష్ట్ర కంప్ట్రోలర్ కార్యాలయం 2025లో ఆక్షేపించింది. ఆ పట్టణ పాలకులు దానిని అంగీకరించలేదు, జనంలో అవగాహన పెంచడానికే చేశామన్నారు. మరికొన్నిచోట్ల పోలీసు వాహనాలు కొన్నారు. ఇంకొక పద్ధతి మరీ నేర్పైనది. ఆరోగ్యశాఖకు తాము ఏటా ఇస్తున్న సొమ్మును తగ్గించి, ఆ లోటును ఈ నిధితో పూడ్చడం. కాగితం మీద సొమ్మంతా చికిత్సకే వెళ్లినట్లుంటుంది. రోగికి మాత్రం అదనంగా ఒక్క మాత్ర కూడా చేరదు.

లెక్క చెప్పవలసినదెవరు

ఓపియాయిడ్ ఒప్పందంలో పెద్ద బలహీనత ఇక్కడే ఉంది. నూటికి 85 వంతులు ఉపశమనానికే అని రాసినవారు, ఆ 85 వంతుల లెక్కను ప్రజలముందు పెట్టాలని రాయలేదు. వేరే పనులకు వాడిన భాగాన్ని మాత్రమే తెలియజేయాలన్నారు. అంటే తప్పు చేసినవాడు తానే వచ్చి చెప్పాలి. మిగిలినది ఆయా రాష్ట్రాల మనస్సాక్షికి వదిలారు. కె.ఎఫ్.ఎఫ్. హెల్త్ న్యూస్, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, షాటర్‌ప్రూఫ్ సంస్థ కలిసి 2022, 2023 సంవత్సరాలలో అందిన 600 కోట్లకు పైగా డాలర్ల దారిని వెతికాయి. మూడవవంతు ఖర్చుకు కేటాయించినట్లు, ఇంకొక మూడవవంతు భవిష్యత్తుకు దాచినట్లు కనబడింది. చివరి మూడవవంతు ఏమయిందో బహిరంగ రికార్డులలో జాడ దొరకలేదు.

జాన్స్ హాప్కిన్స్ ప్రజారోగ్య నిపుణులు 2021లో ఈ ధనానికి ఐదు సూత్రాలు చెప్పారు. ప్రాణాలు కాపాడేందుకు ఖర్చు చేయండి. రుజువున్న పద్ధతులనే అనుసరించండి. యువతలో నివారణకు పెట్టుబడి పెట్టండి. జాతి వివక్ష వలన నష్టపోయినవారిని మరవకండి. నిర్ణయాలను న్యాయంగా, బహిరంగంగా తీసుకోండి. నన్నడిగితే ఐదవ సూత్రమే మొదట ఉండాలి. అది ఉన్నచోట మిగిలిన నాలుగింటిని జనమే అడిగి పుచ్చుకుంటారు.

2024లో అమెరికాలో అన్నిరకాల మత్తుమందుల అతిమోతాదు మరణాలు సుమారు 80 వేలకు తగ్గాయి. అంతకుముందు సంవత్సరాలలో అవి లక్ష దాటేవి. ఇది సంతోషించవలసిన విషయం. కానీ వాయిదాలు 2030 దాటి కూడా వస్తూనే ఉంటాయి. మరణాలు తగ్గినకొద్దీ పత్రికల దృష్టి, పాలకుల శ్రద్ధ తగ్గుతాయి. పొగాకు సొమ్ము కరిగిపోయింది సరిగా అటువంటి మరపులోనే.

మనం చేయగలిగినది

ఇదంతా మనకెందుకు అనుకోకండి. న్యూజెర్సీలో, టెక్సస్‌లో, ఉత్తర కెరొలైనాలో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయి. అక్కడి ఆసుపత్రులలో తెలుగు వైద్యులు, మందుల దుకాణాలలో తెలుగు ఫార్మసిస్టులు ఉన్నారు. మీ పిల్లలో, బంధువులో అక్కడుంటే ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఒక్క మాట అడగండి: మీ కౌంటీకి ఎంత వచ్చింది, దేనికి వాడుతున్నారు? కౌంటీ బోర్డు సమావేశాలలో నివాసులు మాట్లాడవచ్చు. ఓటు లేనివారు కూడా సాధారణంగా నిలబడి రెండు నిమిషాలు చెప్పవచ్చు. మత్తుమందు వలన పిల్లవాడిని పోగొట్టుకున్న కుటుంబాలు మనవారిలోనూ ఉంటాయి. పరువు పోతుందని మౌనంగా ఉంటారు. ఆ మౌనం వలన నిధులు పంచే బల్ల దగ్గర వారి తరఫున మాట్లాడేవారు లేకుండా పోతారు.

ఇంకొక హెచ్చరిక. ఈ చరిత్ర చదివి ఓపియాయిడ్ అంటేనే విషమని భయపడవద్దు. మన దేశంలో నల్లమందును చట్టబద్ధంగా మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో పండిస్తారు. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు లైసెన్సుల చిక్కుల వలన, మన కాన్సర్ రోగులు మార్ఫిన్ దొరకక అరుస్తూ ప్రాణాలు విడిచిన రోజులు నేను కళ్లారా చూశాను. 2014లో ఆ చట్టాన్ని సడలించారు. అవసరమైన రోగికి మార్ఫిన్ వరమే. అక్కడ అతిగా పారించి చంపారు, ఇక్కడ అందనీయక బాధపెట్టాము. రెండూ రోగిని మరిచినందువలన జరిగిన తప్పులే.

మీ మట్టుకు మీరు పాటించవలసినవి కొన్ని. వైద్యుడు రాసిన నొప్పిమాత్రలలో ట్రమడాల్, కోడీన్, టాపెంటడాల్ వంటివి ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. ఎన్ని రోజులు వాడాలో, ఎలా ఆపాలో కూడా అడగండి. మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచుకోవద్దు, ఒకరికి రాసినవి మరొకరికి ఇవ్వవద్దు. చాలాకాలంగా వాడుతున్నవారు ఉన్నపళంగా మానవద్దు, వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించుకోండి.

ఆ లారీ డ్రైవరును నేను మానసిక వైద్యుని వద్దకు పంపించాను. వెళ్లాడో లేదో తెలియదు. నా వద్దకు మళ్లీ రాలేదు. వెళ్లేందుకు బస్సు ఛార్జీ ఉందా అని ఆనాడు నేను అడగలేదు. ఆ కమాను మాత్రం ఇప్పటికీ నిలిచే ఉంది.